పరామర్శ కూడా నేర్వవలసిన విద్యయే

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పండుగనాడు పాఠశాల సాధించిన విజయాలను స్మరించుట సంప్రదాయం. ఆ పనిని ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా నెరవేర్చారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం మాత్రం పాఠ్యప్రణాళికలో లేనిది, పరీక్షలో మార్కులు లేనిది. ఎదుటివారి బాధను గ్రహించుట ఒకటి. గ్రహించినట్లు వారికి తెలియజేయుట మరొకటి. సోలాపూర్ నేతపని వారి వాడలలో మొదటిదానికి ఏనాడూ కొరత లేదు. కొరత అంతా రెండవదానికే.

భవానీ పేట, సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్ ప్రాంతాలలో ఏ ఇంట ఆపద వచ్చినా ఇరుగుపొరుగు నిలబడి చూడరు. ఇది కేవలం మంచితనం వలన కలిగిన అలవాటు కాదు. 1877లో ఈ నగరంలో మొదటి బట్టల మిల్లు వెలసిన తరువాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి కరవుకు, అప్పులకు తాళలేక తరలివచ్చిన కుటుంబాలు పరాయి భాషా ప్రాంతంలో ఒకరినొకరు పట్టుకొని బ్రతికాయి. ముందు వచ్చిన బంధువు గదిలో వెనుక వచ్చినవాడు తల దాచుకొన్నాడు. మగ్గం పని వచ్చినవాడు రానివానికి నేర్పాడు. అట్టి వాడలో ఒక ఇంట చావు సంభవిస్తే ప్రక్క ఇంటివారు సాంచె ఆపుతారు, చుట్టుప్రక్కల స్త్రీలు ఆకు తంబాకు చేటలు ప్రక్కకు నెట్టి అన్నం వండి తెస్తారు. చేతులు చేయవలసినదంతా చేస్తాయి. నోరు తెరిచినప్పుడే చిక్కు.

చావు జరిగిన ఇంటి గుమ్మంలో వినిపించే మాటలను ఒకసారి గుర్తు చేసుకోండి. "ఊకో అక్కా, మన రాత అట్లున్నది, ఏం జేస్తం?" అని ఒకరు. "మా ఆయన పోయినప్పుడు నాకు ఇంతకన్న గోసైంది, పెద్దది కూడా పెండ్లి కాలేదు అప్పటికి" అని ఇంకొకరు. "పిల్లల మొహం చూసి గుండె రాయి చేసుకోవాలె వదినా" అని మూడవవారు. ముగ్గురూ ప్రేమతో వచ్చినవారే. ముగ్గురి కళ్ళలోనూ నీరున్నది. అయినా మొదటి మాట విన్న తరువాత ఆ ఇల్లాలికి చెప్పుకొనడానికి ఏమీ మిగలదు. రాత అన్న తరువాత చర్చ ముగిసినట్లే. రెండవ మాట దుఃఖితురాలిని ప్రక్కకు జరిపి ఆమె స్థానంలో చెప్పేవారే కూర్చున్నట్లయింది. మూడవది ఆజ్ఞ, ఏడ్చే హక్కును కూడా ఆమె వద్ద నుండి లాగుకొన్నది. ఇంతమంది వచ్చి వెళ్ళిన తరువాత ఆమెకు అన్నం దొరికింది, మనుషులు దొరికారు, తన మాట వినే చెవి మాత్రం దొరకలేదు.

పూర్వం ఈ లోటు ఇంతగా ఉండేది కాదని చెప్పవలసి ఉన్నది. తెలంగాణ పల్లెల నుండి ఈ వాడలకు వచ్చిన అవ్వలు తమ వెంట శోకాలను తెచ్చుకొన్నారు. పోయినవానిని పేరు పెట్టి, వరుస పెట్టి పిలుస్తూ, అతని నడకను, తినే తిండిని, కోపాన్ని, చివరిసారి అన్న మాటను రాగం తీసి చెబుతూ ఏడ్వడం ఆ పద్ధతి. వచ్చిన స్త్రీ దుఃఖితురాలి మెడ చుట్టూ చేతులు వేసి ఆమె అన్న మాటనే అందుకొని తానూ ఏడ్చేది. ఆమె "నా కొడుకు ఆకలికి ఆగడే" అంటే ఈమె కూడా ఆ ఆకలినే తలచుకొనేది. తన ఇంటి కథ ఎత్తుకొనేది కాదు. ఎదుటివారి మాటను వారికే తిరిగి అప్పగించడం అనే గొప్ప మెలకువ ఆ నిరక్షరాస్యులైన అవ్వల వద్ద ఉన్నది. చదువుకొన్న సంతానం దానిని మోటుతనమని మాన్పించింది. మాన్పించినందుకు అభ్యంతరం లేకపోవచ్చును గాని, దాని స్థానంలో ఏదీ పెట్టలేదు. అందుచేతనే పట్టభద్రుడైన యువకుడు మిత్రుని తండ్రి పోయిన ఇంటికి వెళ్ళి, గోడకు ఆనుకొని, సెల్‌ఫోను తిప్పుకుంటూ నిలబడుతున్నాడు. అతడు కఠినుడు కాడు. ఏమనాలో తెలియనివాడు.

ఈ విద్యకు తెలుగులో మంచి పేరే ఉన్నది. పరామర్శ అంటే సంస్కృతంలో స్పృశించుట, చక్కగా విచారించుట అన్న అర్థాలున్నవి. చావు ఇంటికి వెళ్ళి అడగడాన్ని తెలుగువారు పరామర్శ అన్నారు. అనగా ముట్టుకొనుట, విచారించుట, ఈ రెండూ కలిసినదే అది. ఉపదేశించుట అందులో లేదు. ఆంగ్లంలో దీనికి దగ్గరైన 'ఎంపతీ' అనే మాట జర్మన్ పదానికి అనువాదంగా 1909లో పుట్టింది. దానిని తెలుగులో సహానుభూతి అనవచ్చును. వాడుకలోని సానుభూతి జాలికి దగ్గరైపోయింది. జాలిపడేవాడు ఒక మెట్టు పైన నిలిచి చూస్తాడు. అమెరికా మనోవైజ్ఞానికుడు కార్ల్ రోజర్స్ 1957లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ తేడాను స్పష్టపరిచాడు. ఎదుటివాని లోకాన్ని తనదే అయినట్లు లోపలి నుండి చూడాలి, అయితే "అయినట్లు" అన్న ఎరుక జారిపోరాదు అని ఆయన భావం. ఆ ఎరుక జారితే ఓదార్చవలసినవారే కూలబడి ఏడుస్తారు. వారిని ఓదార్చే భారం కూడా దుఃఖితుల మీదనే పడుతుంది.

ఇక తరగతి గదికి వత్తాము. ఎనిమిదవ తరగతి బాలుడు మొదటి పీరియడులోనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడనుకోండి. "ఏమిరా, రాత్రి సినిమాకు పోయినావా?" అని అడిగితే తరగతి నవ్వుతుంది. బాలుడు కూడా నవ్వుతాడు. ఆ నవ్వు జవాబు కాదు, తప్పించుకొనే సందు. అదే ఉపాధ్యాయురాలు గంట కొట్టిన తరువాత అతనిని ప్రక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "రాత్రి సరిగ పండుకోలేదు గదా బిడ్డా?" అని అడిగిందనుకోండి. "లేదు బాయీ" అంటాడు. అక్కడ ఆగాలి. ఆగడం చాలా కష్టం. నలభై నిమిషాలు ఎడతెగక మాట్లాడడమే వృత్తిగా గలవారికి మరీ కష్టం. కొంతసేపటికి "అమ్మకు చేతులు గుంజుతున్నయి. బీడీలకు దారం నేను కట్టిన" అని వస్తుంది.

ఇక్కడ సదుద్దేశం గల ఉపాధ్యాయులలో పదిమందిలో తొమ్మిదిమంది తప్పటడుగు వేస్తారు. "అయ్యో పాపం! పిల్లలతో పని చేయించరాదని మీ అమ్మతో చెప్పు" అంటారు. పిల్లలచే పని చేయించరాదన్నది ధర్మమే, చట్టమే. అయితే ఆ క్షణంలో బాలుని చెవిలో పడేది "మీ అమ్మ తప్పు చేసింది" అన్న తీర్పు. తల్లిని రక్షించడానికి మేల్కొన్న బాలుడు తల్లి మీద నేరం మోపడానికి ఎందుకు సహకరిస్తాడు? మరుసటి వారం అతడు కడుపునొప్పి అని అబద్ధం చెబుతాడు. అలా కాక, "అమ్మ చేతులు చూసి నువ్వే కూసున్నవన్నమాట" అన్నారనుకోండి. అందులో పొగడ్త లేదు, సలహా లేదు. అతడు చేసిన పని అతనికే కనబడింది, అంతే. అప్పుడు గాని అసలు మాట రాదు: "లెక్కకు తక్కువైతే రేపు ఆకు ఇయ్యరేమోనని అమ్మ భయపడ్డది బాయీ." నిద్ర వెనుక పని, పని వెనుక నొప్పి, నొప్పి వెనుక భయం. మూడవ మాటకు గాని ఆ భయం బయటికి రాలేదు. తల్లితో మాట్లాడవలసినది అప్పుడు తెలుస్తుంది. తల్లి ముఖం ఎదుట, కొడుకు లేనప్పుడు.

ఈ మూడు మెట్లను సూత్రంగా వల్లె వేయించరాదని కూడా చెప్పాలి. ప్రతి మాటకూ "నీకు బాధగా ఉన్నదన్నమాట" అని చిలుక పలుకులు పలికితే పిల్లలు రెండవ రోజుననే కనిపెడతారు, మూడవ రోజున అనుకరించి నవ్వుతారు. ఊహించినది తప్పైతే దిద్దుకొనే వినయం ఉంటేనే ఊహించి అడగాలి. "కాదు బాయీ, అట్ల కాదు" అని పిల్లవాడు అనగలిగాడంటే ఆ సంభాషణ సరియైన దారిలో ఉన్నట్లు లెక్క.

మరమగ్గాల మోత గురించి ఒక మాట. తువ్వాళ్ళు, దుప్పట్లు నేసే షెడ్డులో పది సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే ప్రక్కవాని కేక కూడా వినపడదు. అందులో ఇరవై, ముప్పై ఏండ్లు గడిపిన తండ్రి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి బిగ్గరగా మాట్లాడితే, కొత్త ఉపాధ్యాయులు ఆయన కోపంగా ఉన్నాడని భ్రమపడతారు. ఆయనకు తన గొంతు తనకే తగినంత వినపడదు. ఇంట్లో కూడా ఆ గొంతే. బిడ్డ దానిని కసురుగా గ్రహిస్తాడు. అయితే అదే మోత ఆ మనిషికి ఇంకొక విద్య నేర్పింది. షెడ్డులో పెదవుల కదలిక, చేతి సైగ, కనుబొమ్మ ముడిని చూసి ప్రక్కవాని అవసరాన్ని తెలుసుకొంటాడు. ఎదుటి సాంచె మీది మనిషి ఈ పూట ఆకలితో ఉన్నాడో, అప్పులవాని ధ్యాసలో ఉన్నాడో ఆయన మాట వినకుండానే చెప్పగలడు. ముఖం చదవడంలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు ఆయన వద్ద పాఠం చెప్పించుకోవచ్చును. ఆయనకు లోపించినదల్లా, చదివినదానిని మెల్లగా చెప్పే రెండు మాటలు. "నాయినా, అంత గట్టిగ అంటే భయమైతది" అని బిడ్డ చెప్పగలిగే ఇల్లు కొంత భాగ్యవంతమైన ఇల్లు.

మాట అంటే ఏ భాషలో మాట అన్న ప్రశ్న ఈ నగరంలో తప్పదు. ఇక్కడి పిల్లలు ఇంట తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడతారు. కొన్ని గల్లీలలో కన్నడం, ఉర్దూ కూడా నాలుకకెక్కుతాయి. బేరం ఏ భాషలోనైనా చేస్తారు. దెబ్బ తగిలినప్పుడు నోటి నుండి వెలువడేది మాత్రం "అవ్వా" అన్న పిలుపే. తెలుగు మాధ్యమ పాఠశాల ఎందుకని అడిగేవారు నేడు ఎక్కువయ్యారు. ఉద్యోగాల లెక్క చూపి అడిగేవారికి లెక్కలతోనే జవాబు చెప్పవలసి ఉంటుంది, అది వేరే సభకు తగిన చర్చ. పిల్లవాడు తన దుఃఖాన్ని అనువదించుకోకుండా చెప్పుకోగల తావు ఇంటి వెలుపల ఒక్కటైనా ఉండాలన్నది మాత్రం ఈ సభలోనే చెప్పదగినది.

ఇందుకు ఈ ఊరి బిడ్డయే సాక్ష్యం. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1910లో సోలాపూర్‌లో జన్మించారు. జపాన్ దండయాత్రకు గురియైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యులలో ఆయన ఒకరు. ఆయన శస్త్రచికిత్సల గురించి, 1942 డిసెంబరులో ముప్పది రెండేండ్ల వయస్సుననే అక్కడ మరణించుట గురించి అందరూ చెబుతారు. శాంతారాం తీసిన చలనచిత్రం వలన ఆ కథ దేశమంతటా తెలిసింది. అంతగా చెప్పుకోని అంశం ఒకటున్నది. ఆయన చైనా భాషను పట్టుబట్టి నేర్చుకొన్నారు. మాట్లాడడమే కాదు, చదవడం, వ్రాయడం కూడా. కత్తి పట్టడానికి ఆ భాష అవసరం లేదు. దుబాసీ ద్వారా పని జరిగిపోయేది. గాయపడిన సైనికుడు రాత్రి వేళ మూలిగితే ఎక్కడ నొప్పి అని అతని మాటలోనే అడగాలంటే భాష కావాలి. ఆ శ్రమ పడినందువలననే కాబోలు, అక్కడివారు ఆయనకు తమ భాషలో పేరు పెట్టుకొని నేటికీ గౌరవిస్తున్నారు. తెలుగు పిల్లవాని కన్నడ మిత్రునికి, ఉర్దూ మిత్రునికి తల్లి జబ్బు పడితే, ఆ పిల్లవాడు వారి భాషలో ఒక్క పలకరింపైనా నేర్చుకొని వెళ్ళుట కోట్నిస్ విగ్రహానికి పూలదండ వేయడం కన్నా ఆయనకు దగ్గరైన పని.

ఇవి పుట్టుకతో వచ్చే గుణాలు, నేర్పితే వచ్చేవి కావు అనే పెద్దలున్నారు. వారికి రెండు ఉదాహరణలు చాలును. అమెరికాలోని బోస్టన్ నగరంలో శిక్షణలో ఉన్న వైద్యులు 99 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గంటసేపటి పాఠాలు మూడు చెప్పారు. రోగి ముఖకవళికలను ఎలా గమనించాలి, తమలో కలిగే విసుగును ఎలా గుర్తించాలి అన్నవే ఆ పాఠాలు. ఆ తరువాత వారిని కొలిచినవారు పరీక్షకులు కారు, రోగులే. పాఠం విన్న జట్టుకే రోగుల నుండి మెరుగైన మార్కులు వచ్చాయి. 2012లో ఆ ఫలితం ప్రకటింపబడింది. రెండవది ఇంతకన్నా ముచ్చటైనది. కెనడాలోని టొరంటోలో 1996లో మేరీ గోర్డన్ అనే విద్యావేత్త నెలల పాపను తల్లితో సహా తరగతి గదికి రప్పించే పద్ధతిని ప్రారంభించింది. ఆ పాప చుట్టూ కూర్చొని పిల్లలు ఎందుకు ఏడుస్తున్నది, ఇప్పుడేమి కావాలి అని ఊహించి చెబుతారు. తమ ఊహ తప్పైతే పాప ఏడుపు ఆపదు, అంతటితో దిద్దుకొంటారు. ఈ వాడలలో పసిపాపలకు కొదువ లేదు. చంకన తమ్ముణ్ణి ఎత్తుకొని బడి గేటు వద్ద నిలబడే అక్కలు ప్రతి దినం కనిపిస్తారు. టొరంటోలో ప్రత్యేకంగా ఏర్పాటు చేయవలసి వచ్చినది ఇక్కడ గేటు వద్దనే ఉన్నది. ఆ అక్కను ఒక్క పూట తరగతికి పాఠం చెప్పమంటే చాలును.

మాట విలువను ఇంతగా చెప్పిన తరువాత దాని హద్దును కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. వెయ్యి బీడీలు చుట్టి గంప నెత్తిన పెట్టుకొని వెళ్ళిన స్త్రీకి, పనికిరావని కొన్నింటిని ప్రక్కకు తీసివేసి, "నీ బాధ అర్థమైతున్నదమ్మా" అని మృదువుగా పలికే గుమాస్తా కసిరే గుమాస్తా కన్నా మేలా? ఆమెను అడిగితే కాదనే చెబుతుంది. కసిరినవానిని తిట్టుకొనైనా రావచ్చును. తీయగా మాట్లాడినవానిని తిట్టడానికి కూడా వీలుండదు. కూలికి బదులుగా మాట ఇవ్వరాదు. ఫీజు కోసం పిల్లవానిని నిలబెట్టి, ఆ పిదప భుజం మీద చేయి వేసి ఓదార్చే పాఠశాల కూడా ఆ గుమాస్తా వరుసలోనిదే. చేయగలిగిన పని ఉన్నచోట ముందు పని. చేయగలిగినదేమీ లేనిచోట మాట. అధిక భాగం దుఃఖాలు ఈ రెండవ జాతివి కావడం వలననే ఇంతసేపు మాట గురించి చెప్పవలసి వచ్చింది.

పాత వాడలలో పరామర్శకు ఎవరూ పిలవనక్కరలేదు. గోడ అవతల ఏడుపు ఇవతలికి వినపడేది. 2006లో కుంభారి వద్ద గోదావరీ పరులేకర్ పేరిట బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు ఏర్పడ్డాయి. 2024 జనవరిలో రాయనగర్‌లో మరి 15,000 ఇండ్లు పంచారు. స్వంత కప్పు దొరకడం సామాన్యమైన సంగతి కాదు. దాని కోసం స్త్రీలు ఎన్ని ఊరేగింపులు నడిచారో పెద్దలకు తెలుసు. అయితే క్రొత్త కాలనీలో ప్రక్క ఇంటివారు వరుసకు వదిన కారు, అత్త కారు. వారి కులం వేరు, భాష వేరు, పని వేరు కావచ్చును. బంధుత్వం ఉన్నచోట మాట తప్పైనా చెల్లిపోతుంది. అపరిచితుల మధ్య మొదటి మాటయే సరిగా ఉండాలి. నేటి విద్యార్థులు కాపురముండబోయేది అట్టి కాలనీలలోనే.

చివరగా తరగతి ఉపాధ్యాయులకు ఒక చిన్న పని. విద్యార్థి ఇంట మరణం సంభవించినప్పుడు ఆ పదకొండు దినాలూ ఇంటి నిండా మనుషులుంటారు. పెద్దకర్మ ముగిసి, పందిరి తీసిన మరునాటి నుండి గుమ్మం తొక్కేవారుండరు. పిల్లవాడు బడికి వస్తాడు, అందరూ జాగ్రత్తగా ఆ ప్రస్తావన తప్పించి మాట్లాడతారు. అతనికి అది మరచిపోయినట్లుగా తోస్తుంది. హాజరు పట్టీలో నెల తరువాతి ఒక తేదీ వద్ద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకోండి. ఆ దినం మధ్యాహ్నం విడుపు గంటలో, ఎవరూ లేని చోట, ధైర్యం చెప్పకుండా, చదువు సంగతి ఎత్తకుండా అతని ప్రక్కన కూర్చొని ఒక్క ప్రశ్న అడగండి: "మీ నాయిన సాంచె మీద ఏమేమి నేసేవాడు బిడ్డా?"